నౌరోజ్‌ను ఇరాన్ కుటుంబాల పద్ధతిలో జరుపుకోవడం ఎలా

నౌరోజ్ ఇరాన్ కొత్త సంవత్సర పండుగ. అక్కడ కొత్త సంవత్సరం అర్ధరాత్రి పన్నెండు గంటలకు మొదలుకాదు. పగలూ రాత్రీ దాదాపు సమానంగా ఉండే వసంత విషువత్తు నాడు సూర్యుడు ఖగోళ మధ్యరేఖను దాటే క్షణంలో మొదలవుతుంది. ఆ క్షణం ఒక ఏడాది తెల్లవారుజామున రావచ్చు, మరో ఏడాది పట్టపగలు రావచ్చు. దానిని ఫార్సీ మాట్లాడేవారు ‘తహ్వీలె సాల్’ అంటారు. నౌరోజ్ కోసం కుటుంబం చేసే పనులలో సగం ఆ క్షణం నుంచి వెనక్కి లెక్కపెట్టుకుని మొదలుపెట్టేవి, మిగిలిన సగం ఆ క్షణం తర్వాత పదమూడు రోజుల పాటు సాగేవి. ఏడు వస్తువులు పేర్చిన బల్ల ఫోటోలు చూసి నౌరోజ్ అంటే అంతే అనుకునేవారికి ఈ వరుస కనిపించదు. ఇరానీ మిత్రుల ఇంట పండుగలో పాలుపంచుకోవాలనుకునేవారికైనా, తమ ఇంట ఒకసారి శ్రద్ధగా జరిపి చూడాలనుకునేవారికైనా ముందుగా పట్టుబడవలసింది ఈ వరుసే.

సమయం లెక్క

ఇరాన్ పంచాంగంలో సంవత్సరపు మొదటి నెల ఫర్వర్దీన్, చివరి నెల ఎస్ఫంద్. ప్రస్తుతం వాడుకలో ఉన్న సౌర హిజ్రీ పంచాంగాన్ని ఇరాన్ 1925లో అధికారికంగా స్వీకరించింది. దీని వెనుక 1079లో సెల్జుక్ సుల్తాను మాలిక్ షా కాలంలో అమలులోకి వచ్చిన జలాలీ పంచాంగం ఉంది. దానిని సిద్ధం చేసిన ఖగోళ శాస్త్రజ్ఞులలో ఒమర్ ఖయ్యాం ఒకరు. సౌర సంవత్సరం 365 రోజుల 5 గంటల 49 నిమిషాల దాకా ఉంటుంది కనుక తహ్వీల్ సమయం ఏటా దాదాపు ఆరు గంటలు ముందుకు జరుగుతూ, లీపు సంవత్సరం వచ్చినప్పుడు మళ్లీ వెనక్కి వస్తుంది. ఇరాన్ కాలమానం ప్రకారం 2025లో ఇది మార్చి 20 మధ్యాహ్నం 12:31కి, 2026లో మార్చి 20 సాయంత్రం 6:15 దాటాక వచ్చింది. 2027లో మార్చి 20 అర్ధరాత్రికి కొద్ది నిమిషాల ముందు వస్తుంది. విషువత్తు మధ్యాహ్నం పన్నెండు తర్వాత వస్తే ఆ మరుసటి రోజే ఫర్వర్దీన్ 1 అవుతుంది. అందువల్ల కుటుంబం హఫ్త్‌సీన్ అనే ఏడు వస్తువుల బల్ల ముందు కూర్చునే రోజు, కొత్త సంవత్సరం మొదటి తేదీ వేరువేరు కావడం తరచుగా జరుగుతుంది.

ఈ క్షణం ప్రపంచమంతటికీ ఒక్కటే. 2026లో తెహ్రాన్‌లో కుటుంబాలు సాయంత్రం హఫ్త్‌సీన్ చుట్టూ కూర్చున్నప్పుడు లాస్ ఏంజెలెస్‌లో ఉన్న వారి బంధువులు ఉదయం 7:45 ప్రాంతంలో అదే పని చేశారు. కాబట్టి మీరు ఉన్న ఊరి గడియారానికి ఆ సమయాన్ని మార్చుకుని, ఇంట్లో అందరికీ కనబడే చోట ముందుగానే రాసి పెట్టుకోవాలి.

ఇల్లు దులపడం, గింజలు మొలకెత్తించడం

పండుగకు రెండు మూడు వారాల ముందు ‘ఖానే తెకానీ’ మొదలవుతుంది. పై కప్పు నుంచి కింది దాకా ఇల్లంతా కడిగి తుడవడం, తెరలు ఉతకడం, తివాచీలను ఇంట్లోనే ఉతకడం లేదా ఉతికే దుకాణాలకు పంపడం, విరిగినవాటిని బాగుచేయించడం, వాడనివాటిని ఇచ్చివేయడం ఇందులోకి వస్తాయి. ఏడాది పొడవునా వాయిదా వేసిన పనులన్నీ ఈ రోజులలోనే తీరతాయి. పిల్లలకూ పెద్దలకూ కొత్త బట్టలు కొంటారు. అందరికీ కొనడం కుదరని ఇళ్లలో కనీసం పిల్లలకు కొంటారు.

ఈ హడావుడిలో మరిచిపోకూడనిది ‘సబ్జే’, అంటే పళ్లెంలో పెంచే పచ్చని మొలకలు. దుకాణంలో సిద్ధంగా దొరుకుతాయి గానీ ఇంట్లో పెంచమనే నేను గట్టిగా చెబుతాను. పిల్లలకు పండుగ రాక కళ్లకు కట్టేది రోజుకింత పెరిగే ఈ పళ్లెం వల్లనే. గోధుమలైతే తహ్వీల్‌కు సుమారు రెండు వారాల ముందు, మసూర్ పప్పు గింజలైతే పది రోజుల ముందు మొదలుపెట్టాలి. పెసలు కూడా వాడవచ్చు. పప్పు బద్దలు మొలకెత్తవు కనుక పొట్టుతో ఉన్న నిండు గింజలే కావాలి. గింజలను ఏరి, కడిగి, ఒక రాత్రి, ఒక పగలు నీళ్లలో నానబెట్టి, మధ్యలో నీళ్లు మార్చాలి. తర్వాత తడిగుడ్డలో కట్టి, తెల్లని మొన కనిపించే వరకు ఒకటి రెండు రోజులు ఉంచాలి. మొన రాగానే అంచు తక్కువగా ఉన్న పళ్లెంలో గింజ పక్కన గింజ ఉండేలా ఒకే పొరగా పరిచి, పైన తడిపిన పలుచని నూలుగుడ్డ కప్పి, రోజుకు రెండు మూడు సార్లు నీళ్లు చిలకరించాలి. మొలక వేలి గోరంత ఎత్తుకు వచ్చాక గుడ్డ తీసి, వెలుతురు ఉన్న కిటికీ దగ్గర పెట్టి, మొలకలన్నీ ఒకవైపే వంగకుండా రోజూ పళ్లెం తిప్పాలి. ఈ పని చెడిపోయేది ఎక్కువగా ఒక్క కారణంతోనే: పళ్లెం అడుగున నీరు నిలిచి వేర్లు కుళ్లి బూజు పడుతుంది. అందువల్ల చిలకరించిన తర్వాత పళ్లెం వంచి మిగులు నీరు పారబోయాలి. నాలుగైదు అంగుళాలు పెరిగాక చుట్టూ ఎర్రని రిబ్బను కట్టి ముడి వేస్తారు.

సంవత్సరంలోని చివరి గురువారం చాలా కుటుంబాలు తమవారి సమాధుల దగ్గరికి వెళతాయి. సమాధి రాయిని నీటితోనూ పన్నీరుతోనూ కడిగి, పువ్వులు పెట్టి, అక్కడికి వచ్చినవారికి హల్వా, ఖర్జూరాలు పంచుతాయి. ఇరానీ కుటుంబానికి అతిథులుగా వెళ్లినవారిని ఆ రోజు తమతో రమ్మని పిలిస్తే అది ఎంతో దగ్గరి మనుషులకు మాత్రమే దక్కే పిలుపని గుర్తించి, పూలతో వెళ్లడం మర్యాద.

చివరి బుధవారానికి ముందు సాయంత్రం

సంవత్సరపు చివరి బుధవారం ముందటి మంగళవారం సాయంత్రం ‘చహార్‌షంబే సూరీ’. సూర్యాస్తమయం తర్వాత వీధిలోనో పెరటిలోనో ఎండు కంపలను చిన్న చిన్న కుప్పలుగా వరుసలో పెట్టి నిప్పంటించి, ఒక్కొక్కరుగా వాటి మీదుగా దూకుతారు. కుప్పలు మూడు, అయిదు, ఏడు ఇలా బేసి సంఖ్యలో ఉంటాయి. దూకేటప్పుడు ‘జర్దీయే మన్ అజ్ తో, సొర్ఖీయే తో అజ్ మన్’ అంటారు. నాలోని పసుపు నీకు పోనీ, నీలోని ఎరుపు నాకు రానీ అని మంటనే అడగడం అది. పసుపు జబ్బుకూ నీరసానికీ, ఎరుపు ఆరోగ్యానికీ ఉత్సాహానికీ గుర్తులు. ఆ రాత్రి పిల్లలు, యువకులు ముఖం కనబడకుండా ముసుగు వేసుకుని, చెంచాతో గిన్నె మీద కొడుతూ ఇరుగుపొరుగు తలుపుల దగ్గరికి వెళ్లి మిఠాయిలు, ఎండు పండ్లు అందుకునే ఆచారమూ ఉంది. ఇప్పుడు నగరాలలో అది తగ్గింది.

మంట మోకాలి ఎత్తు మించకూడదు. నైలాను బట్టలు, వేలాడే పైటలు వేసుకుని దూకకూడదు. బకెట్టుతో నీళ్లు, ఇసుక దగ్గరే ఉండాలి. కిరోసిన్, పెట్రోలు పోయకూడదు. ఇటీవలి దశాబ్దాలలో ఈ సాయంత్రాన్ని పెద్ద చప్పుడు చేసే బాణసంచా ఆక్రమించి, ఏటా ఇరాన్ ఆసుపత్రులకు గాయపడినవారిని పంపుతోంది. కంపమంట చుట్టూ ముత్తాతల కాలం నుంచి జరిగిన పండుగకు ఆ పేలుళ్లతో సంబంధం లేదు, వాటిని దూరంగా ఉంచడమే మంచిది. బయట నిప్పు పెట్టే వీలులేని అపార్టుమెంటులో ఉన్నవారు పళ్లెంలో వెలిగించిన కొవ్వొత్తుల ముందు నిలబడి ఆ మాటలు చెప్పినా చాలు.

హఫ్త్‌సీన్ పరచడం

తహ్వీల్‌కు ఒకటి రెండు రోజుల ముందే, లేదా కనీసం కొన్ని గంటల ముందు, శుభ్రమైన గుడ్డను నేల మీదో బల్ల మీదో పరుస్తారు. ఉన్నవాళ్లు యజ్ద్‌లో నేసిన ‘తెర్మే’ అనే జరీ పనితనపు గుడ్డను వాడతారు. దాని మీద ఫార్సీ లిపిలోని ‘సీన్’ అక్షరంతో పేరు మొదలయ్యే వస్తువులు ఏడు ఉండాలి. సబ్జే పునర్జన్మకు, గోధుమ మొలకలతో వండే సమనూ సమృద్ధికి, సెంజెద్ అనే గోధుమరంగు ఎండు పండు ప్రేమకు, సీర్ అనే వెల్లుల్లి ఆరోగ్యానికి, సీబ్ అనే ఆపిల్ అందానికి, సొమాఖ్ అనే పుల్లని ఎర్ర పొడి సూర్యోదయపు రంగుకు, సెర్కే అనే వెనిగర్ వయసుకూ ఓర్పుకూ గుర్తులని చెబుతారు. వీటిలో ఏదైనా దొరకకపోతే సెక్కే అనే నాణేలు, సొంబోల్ అనే సువాసన గల హయసింత్ పువ్వు దాని చోట నిలుస్తాయి. చాలా ఇళ్లలో ఇవి అదనంగానూ ఉంటాయి. అర్థాలు ఇంటింటికీ కొద్దిగా మారతాయి, అమ్మమ్మ చెప్పినదే ఆ ఇంటికి ప్రమాణం.

వీటిలో కష్టమైనది సమనూ. గోధుమలను తెల్లని వేర్లు అల్లుకునే దాకా మొలకెత్తించి, పచ్చదనం రాకముందే నూరి, ఆ ముద్ద నుంచి పాలను పిండి తీసి, గోధుమపిండి కలిపి, పెద్ద పాత్రలో గంటల తరబడి గరిటె ఆపకుండా తిప్పుతారు. పచ్చని ఆకు వచ్చిందంటే చేదు దిగుతుంది. చక్కెర వేయకపోయినా ఇది తియ్యగా ఉండడానికి కారణం, మొలకెత్తేటప్పుడు గింజలో పుట్టే ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చడమే. స్త్రీలు ఒకచోట చేరి రాత్రంతా వంతులవారీగా గరిటె తిప్పుతూ, ఎవరి వంతులో వారు తమ కోరికను మనసులో తలచుకునే ఆచారం దీని చుట్టూ ఉంది. మొదటిసారి చేసేవారు ఇరానీ సరుకుల దుకాణంలో చిన్న గిన్నెడు కొనుక్కోవడం మంచిది.

ఏడు వస్తువులతో పాటు అద్దం, దాని ముందు కొవ్వొత్తులు, పిల్లలు రంగులు వేసిన కోడిగుడ్లు, నీళ్లలో తేలే నారింజ, పన్నీరు, మిఠాయిలు ఉంటాయి. ముస్లిం కుటుంబాలు ఖురాన్‌ను, జొరాస్ట్రియన్ కుటుంబాలు అవెస్తాను, యూదులు తోరాను ఉంచుతారు. కవి హాఫిజ్ కవితల సంపుటి దీవాన్ గానీ ఫిర్దౌసీ ఇతిహాస కావ్యం షానామా గానీ పెట్టే ఇళ్లు మతభేదం లేకుండా కనిపిస్తాయి. గాజు గిన్నెలో ఎర్రని చేపను పెట్టడం ఎంతోకాలంగా అలవాటు. ఆ చేపలు చిన్న గిన్నెలలో గాలి చాలక చచ్చిపోతున్నాయని గ్రహించి ఇప్పుడు చాలామంది మానేశారు. నీళ్లలో నారింజ ఒక్కటి చాలు, చేప కొనవద్దనే నా సలహా.

ఖరీదైన వస్తువుల కోసం తిరుగుతూ ఈ బల్లను ప్రదర్శనగా మార్చడం నౌరోజ్‌కు అవసరం లేదు. గుడ్డు పిల్లవాడు రంగు వేసినదై, సబ్జే ఇంట్లో పెరిగినదై, అద్దం రోజూ వాడేదే అయినా ఆ హఫ్త్‌సీన్‌కు ఏ లోటూ లేదు.

ఆ క్షణం

తహ్వీల్‌కు అరగంట ముందే అందరూ స్నానాలు చేసి, కొత్త బట్టలు వేసుకుని, హఫ్త్‌సీన్ చుట్టూ చేరాలి. కొవ్వొత్తులు వెలిగించి, టెలివిజనులోనో రేడియోలోనో నిమిషాల లెక్క వింటారు. ముస్లిం ఇళ్లలో ‘యా మొఖల్లెబల్ ఖొలూబ్ వల్ అబ్సార్’ అని మొదలయ్యే అరబీ ప్రార్థన చదువుతారు. హృదయాలనూ చూపులనూ తిప్పేవాడా, రేయింబవళ్లను నడిపేవాడా, మా స్థితిని అత్యుత్తమ స్థితికి మార్చు అని దాని భావం. సమయం దాటిందని ప్రకటించగానే ఒకరినొకరు కౌగిలించుకుని, బుగ్గల మీద ముద్దుపెట్టుకుని, ‘ఈదె షొమా మొబారక్’ అంటారు. ‘సద్ సాల్ బె ఈన్ సాల్‌హా’, ఇలాంటి ఏళ్లు నూరు చూడాలి అని పెద్దలు దీవిస్తారు. షిరాజ్‌లో హాఫిజ్ సమాధి దగ్గర, మష్‌హద్‌లో ఇమాం రెజా దర్గా దగ్గర వేలమంది చేరి ఈ క్షణాన్ని గడుపుతారు. అయినా చిన్నపిల్లలున్న కుటుంబానికి ఇల్లే సరైన చోటు.

తర్వాత ‘ఈదీ’. పెద్దవారు ముందుగా బ్యాంకు నుంచి తెచ్చి పవిత్ర గ్రంథం పేజీల మధ్య దాచిన కొత్త నోట్లను తీసి చిన్నవారికి ఇస్తారు. మడతపడిన పాత నోటు ఇవ్వరు. ఈదీ ఎప్పుడూ పెద్దల నుంచి చిన్నవారికే వెళుతుంది కాబట్టి అతిథిగా ఉన్న చిన్నవారు వయసులో పెద్దవారి చేతిలో డబ్బు పెట్టకూడదు. పువ్వులు, మిఠాయిలు పట్టుకెళ్లవచ్చు.

పండుగ భోజనం

తహ్వీల్ చుట్టుపక్కల పూట తినేది ‘సబ్జీ పొలో బా మాహీ’, ఆకుకూరల అన్నం, చేప. కాస్పియన్ సముద్రంలో దొరికే మాహీ సెఫీద్ దీనికి పేరున్న చేప. అది లేనిచోట మెత్తని తెల్లటి చేప ఏదైనా ఉప్పు, పసుపు, పిండి పట్టించి వేయించవచ్చు. అన్నానికి పొడవైన బియ్యాన్ని ఉప్పునీటిలో రెండు గంటలు నానబెట్టి, మరుగుతున్న విస్తారమైన ఉప్పునీటిలో వేసి, మెతుకు పైన మెత్తబడి మధ్యలో పలుకు ఉండగానే వార్చాలి. కొత్తిమీర, పార్స్లీ, సోయకూర, ఉల్లికాడలు కడిగి, నీరు పూర్తిగా ఆరాక సన్నగా తరగాలి. తడి ఆకు వేస్తే అన్నం ముద్దవుతుంది. అడుగు మందంగా ఉన్న పాత్రలో నూనె, కొద్దిగా కుంకుమపువ్వు నీళ్లు పోసి, పలుచని రొట్టె గానీ బంగాళదుంప చక్రాలు గానీ పరిచి, పైన ఒక పొర అన్నం, ఒక పొర ఆకు, మధ్య మధ్య పచ్చి వెల్లుల్లి కాడలు వేస్తూ గోపురంలా పోయాలి. గరిటె కాడతో అడుగుదాకా కొన్ని రంధ్రాలు చేసి, ఆవిరి నీరు తిరిగి అన్నంలో పడకుండా మూతకు గుడ్డ చుట్టి, ముందు అయిదారు నిమిషాలు మధ్యస్థమైన మంట మీద, తర్వాత ముప్పావుగంట సన్నని సెగ మీద ఉంచాలి. అడుగున బంగారు రంగులో కరకరలాడే పొరను తహ్‌దీగ్ అంటారు. దానిని ముక్కలు చేసి వేరే పళ్లెంలో పెట్టి అందరికీ అందేలా చూడాలి, ఎందుకంటే ముందు అయిపోయేది అదే.

అతిథులు రావడం మొదలయ్యేసరికి మిఠాయిలు సిద్ధంగా ఉండాలి. సన్నగా జల్లించిన వేయించిన సెనగల పిండి, చక్కెర పొడి, నెయ్యి, ఏలకుల పొడి కలిపి చేసే నానె నొఖోద్‌చీ, బియ్యప్పిండితో చేసే కెర్మాన్‌షా వారి నానె బెరెంజీ, యజ్ద్, ఖజ్వీన్ నగరాల బక్లావా వీటిలో ప్రసిద్ధమైనవి. పిస్తా, బాదం, వేయించిన సెనగలు, గుమ్మడి గింజలు కలిపిన ‘ఆజీల్’ గిన్నె పండుగ రోజులలో ఖాళీగా ఉండకూడదు.

రాకపోకలు

‘దీదో బాజ్‌దీద్’ అనే పరస్పర సందర్శనలకు ఒక క్రమం ఉంది. గడిచిన ఏడాదిలో ఎవరి ఇంట మరణం జరిగిందో ఆ ఇంటికి మొదట వెళ్లి పలకరించడం చాలా కుటుంబాల నియమం. అక్కడ పండుగ ఉత్సాహం చూపించరు. ఆ తర్వాత తాతయ్య, అమ్మమ్మల ఇల్లు, తర్వాత పెద్దమామయ్య, పెద్దనాన్న ఇలా వయసు వరుసలో వెళతారు. పెద్దలు తర్వాతి రోజులలో చిన్నవారి ఇళ్లకు తిరిగి వస్తారు. మీ ఇంటికి వచ్చినవారి ఇంటికి మీరు పదమూడు రోజులలోపు వెళ్లకపోతే అది లోటుగా మిగులుతుంది. ఒక్కొక్క ఇంట గంటకు మించి కూర్చోనవసరం లేదు. టీ, పండ్లు, మిఠాయి వరుసగా వస్తాయి. మొదటిసారి అడిగినప్పుడు వద్దనడం, మళ్లీ అడిగినప్పుడు తీసుకోవడం అక్కడి మర్యాద. అందువల్ల మీ ఇంటికి వచ్చిన ఇరానీ అతిథి వద్దన్నాడని పళ్లెం వెనక్కి తీసుకుపోకండి, రెండు మూడు సార్లు అడగండి.

పదమూడో రోజు

ఫర్వర్దీన్ 13, అంటే ఏప్రిల్ 1 లేదా 2, ‘సీజ్దహ్ బెదర్’. ఇరాన్‌లో అది ప్రకృతి దినం పేరిట సెలవు. ఆ రోజు ఇంట్లో ఉండడం మంచిది కాదని నమ్మి కుటుంబాలన్నీ తోటలకు, వాగుల ఒడ్డుకు, కొండ దిగువకు వెళతాయి. ముందు రాత్రే ఆషె రెష్తే అనే నూడుల్స్, చిక్కుళ్లు, ఆకుకూరల చిక్కని సూప్‌కు కావలసినవన్నీ సిద్ధం చేసుకోవాలి. తేనె లేదా చక్కెర, వెనిగర్, పుదీనా కాచిన సెకంజబీన్ పాకంలో లెట్యూస్ ఆకులను ముంచుకుని తినడం ఆ రోజు ప్రత్యేకత. పెళ్లి కావలసిన అమ్మాయిలు గడ్డి పరకలను ముడివేసి కోరిక తలచుకుంటారు. పిల్లలు చిన్న చిన్న అబద్ధాలతో ఒకరినొకరు ఆటపట్టించుకుంటారు.

అప్పటికి పసుపు తిరుగుతున్న సబ్జేను ఇంట్లో ఉంచరు. వెంట తీసుకువెళ్లి, పారే నీటిలో వదులుతారు. ఇంటిలోని చెడును అది పీల్చుకుందని నమ్మకం గనుక ఎదుటివారి సబ్జేను తాకరు. వదిలేముందు రిబ్బను విప్పి, పళ్లెం, ప్లాస్టిక్ తీసి సంచిలో వేసుకోవాలి. దగ్గరలో పారే నీరు లేకపోతే పెరటి మట్టిలో కలిపినా చాలు. తెచ్చిన చెత్తంతా తిరిగి తీసుకువెళ్లాలి, మంట వేసి ఉంటే నీళ్లు పోసి నిప్పు పూర్తిగా చల్లారిందని చేత్తో చూసుకోవాలి. మర్నాడు ఫర్వర్దీన్ 14 నుంచి సాధారణంగా బడులు తెరుచుకుంటాయి కనుక పిల్లల సంచులు ఆ సాయంత్రమే సర్దిపెట్టడం మంచిది.